ఇల్లు ఒక ఖర్చు, తోడు మరో ఖర్చు: ఎదుగుదల వైకల్యాలున్న పెద్దల నివాసం గురించి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి పట్టణాల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, జయపురం ప్రాంతాలు అందులో కలిసినప్పుడు ఈ కుటుంబాలు ఉన్నచోటే ఉండి వేరే రాష్ట్రానికి చెందినవయ్యాయి. ఆటిజమో, మేధో వైకల్యమో, సెరిబ్రల్ పాల్సీయో ఉన్న బిడ్డ పెరిగి పెద్దవాడైన ఇంట్లో వినిపించే ప్రశ్న మాత్రం సరిహద్దుకు ఇటూ అటూ ఒకటే: “మా తర్వాత వీణ్ని ఎవరు చూస్తారు?”

ఈ ప్రశ్నకు సంబంధించిన వార్తలు ఈ మధ్య వరుసగా వచ్చాయి. 80 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి ఒడిశా ప్రభుత్వం 2025 జనవరి నుంచి పింఛనును నెలకు 3,500 రూపాయలకు పెంచింది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన మరో విడతకు సర్వేలు జరిగాయి. భవనాలు, రవాణా, సేవలు వికలాంగులకు అందుబాటులో ఉండేలా తప్పనిసరి నియమాలు చేయాలని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. అవతల ఇచ్ఛాపురంలోని బంధువులు ఆరు వేల పింఛను గురించి చెబుతున్నారు. ఇవన్నీ కలిపి వింటే, కావలసినదేదో వచ్చేసినట్టు, లేదా ఇదిగో రాబోతున్నట్టు అనిపిస్తుంది. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ ఒక్కో ముక్కకే సమాధానం ఇస్తుంది. ముఖ్యమైన ముక్క ఒకదాన్ని ఏదీ తాకదు.

ఎవరి గురించి ఈ మాట

ఎదుగుదల వైకల్యాలంటే పుట్టుకతో గాని, బాల్యంలో మెదడు ఎదిగే కాలంలో గాని మొదలై జీవితమంతా కొనసాగే పరిస్థితులు. ఆటిజం (మాట, ఇతరులతో కలవడం, చప్పుడు వంటివాటిని తట్టుకోవడం వేరుగా ఉండడం), మేధో వైకల్యం (నేర్చుకోవడం, రోజువారీ పనులు చూసుకోవడం కష్టం కావడం), సెరిబ్రల్ పాల్సీ (మెదడుకు తగిలిన దెబ్బవల్ల కదలికలు స్వాధీనంలో లేకపోవడం) వీటిలో ప్రధానమైనవి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో చాలామంది మేధో వైకల్యం కిందికి వస్తారు. ఇవి మానసిక వ్యాధులు కావు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మేధో వైకల్యాన్ని మానసిక వ్యాధి నిర్వచనం నుంచి స్పష్టంగా మినహాయించింది. అయినా ఈ రెండు రకాల వారినీ ఒకే హోమ్‌లో, అంటే ఒకే సంరక్షణ సంస్థలో, పెట్టడం, ఒకే పేరుతో పిలవడం ఇప్పటికీ కనిపిస్తుంది. మందుతో, చికిత్సతో కోలుకుని ఇంటికి తిరిగి వెళ్లవలసిన మనిషికి కావలసిన ఏర్పాటు వేరు. జీవితమంతా కొంత సాయంతో బతకవలసిన మనిషికి కావలసినది వేరు.

2011 జనగణనలో దేశంలో 2.68 కోట్ల మందిని వికలాంగులుగా లెక్కించారు. అందులో మేధో వైకల్యం కింద నమోదైనవారు 15 లక్షలు. ఆటిజానికి, సెరిబ్రల్ పాల్సీకి ఆ లెక్కలో ప్రత్యేక గడి లేదు. ఎందరికి ఇళ్లు కావాలో తెలియకుండానే ఇళ్లలో 5 శాతం అని కోటా రాసుకుంటున్నామని దీని అర్థం.

కావలసిన సాయం అందరికీ ఒకే రకంగా ఉండదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒకరికి రోజుకు ఒక్కసారి ఎవరైనా వచ్చి బియ్యం, కూరగాయలు, డబ్బు లెక్క చూసి వెళితే చాలు. మరొకరికి స్నానం, అన్నం, మందులు అన్నిటికీ పక్కన మనిషి ఉండాలి. ఇంకొకరికి ఒళ్లు పూర్తిగా స్వాధీనంలో ఉంటుంది, మాట ఉండదు, రాత్రి తలుపు తీసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయే అలవాటు ఉంటుంది. ముగ్గురి చేతిలోనూ ఉండేది ఒకే రకం గుర్తింపు కార్డు.

చట్టం ఏ ఇంటిని ఊహించింది

ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ఆమోదించింది. దాని 19వ అధికరణం ప్రకారం వికలాంగులు ఎక్కడ, ఎవరితో ఉండాలో ఇతరులతో సమానంగా తామే ఎంచుకోగలగాలి. ఫలానా ఏర్పాటులోనే ఉండి తీరాలన్న నిర్బంధం ఉండకూడదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్ ఇదే మాట చెబుతూ, ఇంటి వద్ద సేవలు, నివాస సేవలు, వ్యక్తిగత సహాయకుల సేవ అందేలా ప్రభుత్వం ప్రయత్నించాలని అంటుంది. “అందించాలి” అనకుండా “అందేలా ప్రయత్నించాలి” అన్నచోటే అసలు కథ ఉంది. హక్కు ఉందని ఒప్పుకున్న వాక్యంలోనే, దాన్ని నెరవేర్చే బాధ్యతను ప్రయత్నం స్థాయికి దించారు.

ఈ రెండు పత్రాల నుంచి సమ్మిళిత నివాసం అంటే ఏమిటో తేల్చుకోవచ్చు. ఊరి నడుమ, అందరి ఇళ్ల మధ్య, తన గది తలుపు తాను వేసుకోగల చోటు. అక్కడ ఉండడానికి కావలసిన సాయం అక్కడికే రావడం. అందుబాటు ధర అంటే ఆ మనిషి ఆదాయం, పింఛను, కుటుంబం పెట్టగలిగినది కలిపితే నెల గడిచే ధర. ఇందులో గోడలు, కప్పు ఒక భాగం, సాయం మరో భాగం. గోడలకు ఒకసారి పెట్టుబడి పెడితే సరిపోతుంది. సాయానికి ప్రతి నెలా, మనిషి బతికి ఉన్నంతకాలం పెట్టాలి. మన పథకాలు మొదటిదాన్ని కొంత పట్టించుకున్నాయి, రెండోదాన్ని దాదాపు కుటుంబానికే వదిలేశాయి. ఈ వ్యాసంలో తక్కిన వివరమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఇళ్ల పథకాల్లో కోటా ఎక్కడ ఆగిపోతుంది

2016 చట్టం 37వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పథకాల్లో వ్యవసాయ భూమి, ఇళ్ల కేటాయింపులో 40 శాతం, ఆపై వైకల్యం ఉన్నవారికి 5 శాతం వాటా ఉండాలి. అందులో స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలి. గ్రామీణ ఆవాస్ యోజన ఈ వాటాను తన మార్గదర్శకాల్లో చేర్చుకుంది. మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లోనూ కష్టసాధ్యమైన ప్రాంతాల్లోనూ 1.30 లక్షల రూపాయలు, కనీసం 25 చదరపు మీటర్ల ఇల్లు, విడిగా ఉపాధి హామీ పనిదినాలు, మరుగుదొడ్డికి 12,000 రూపాయలు దీని స్వరూపం. కోటా కింద ఇల్లు వస్తే దాన్ని ఆ వికలాంగుల పేరు మీదే ఇవ్వాలని కూడా నియమం ఉంది. కాగితం మీద ఇది మంచి నియమమే. అయితే ఎంపిక కుటుంబం లెక్కన జరుగుతుంది, వ్యక్తి లెక్కన కాదు.

2011 నాటి సామాజిక, ఆర్థిక, కుల గణనలో పేదరికానికి పెట్టిన గుర్తుల్లో “వికలాంగ సభ్యుడు ఉండి, శారీరక సామర్థ్యం గల పెద్దలు ఎవరూ లేని కుటుంబం” ఒకటి. తీవ్రమైన మేధో వైకల్యం ఉన్న కొడుకును కనిపెట్టుకుని ఇల్లు కదలలేని తల్లి ఒంట్లో శక్తి ఉన్న మనిషే కాబట్టి ఆ కుటుంబానికి ఈ గుర్తు పడదు. ఆమె పనికి వెళ్లలేకపోవడానికి కారణమేమిటో ఆ గడి అడగదు.

పట్టణ పథకంలో చిక్కు మరో రూపంలో ఉంటుంది. 2015లో మొదలైన పట్టణ ఆవాస్ యోజనలో కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని కొడుకులు, కూతుళ్లు. సంపాదిస్తున్న పెద్దవారిని పెళ్లితో సంబంధం లేకుండా విడి కుటుంబంగా చూడవచ్చని తర్వాత చేర్చారు. ఇప్పుడు బరంపురంలో పట్టు నేసే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. చిన్నదే అయినా సొంత పక్కా ఇల్లుంది. పెద్దకొడుకు, గంజాం జిల్లా నుంచి వెళ్లిన వేలాది మందిలాగే, సూరత్ మరమగ్గాల్లో పనిచేస్తున్నాడు. 28 ఏళ్ల రెండోవాడికి 75 శాతం మేధో వైకల్యం. వాడికి పెళ్లి కాలేదు, సంపాదన లేదు. కాబట్టి వాడు ఎప్పటికీ తండ్రి కుటుంబంలో సభ్యుడే, ఆ కుటుంబానికి పక్కా ఇల్లుంది గనుక పథకం ముందు వాడు ఇల్లున్నవాడే.

తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆ ఇంట్లో తల్లికి, ఇద్దరు కొడుకులకు సమాన వాటాలు వస్తాయి. వైకల్యం కారణంగా ఎవరికీ వారసత్వం పోదని 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ చెబుతుంది. తల్లి కూడా పోయాక పెద్దవాడు సూరత్‌లోనే స్థిరపడి, అప్పు తీర్చడానికి ఇల్లు అమ్ముదామంటే, రెండోవాడు సగం ఇంటికి హక్కుదారుగా ఉంటూనే ఉండడానికి చోటు లేనివాడవుతాడు. అన్నను తప్పుపట్టి లాభం లేదు. అతని అద్దె గదిలో నలుగురు షిఫ్టుల వారీగా పడుకుంటూ ఉండవచ్చు. జీవితాంతం అక్కడ నివసించే హక్కును వీలునామాలో రాయడం, ఇంటిని ఒక ట్రస్టులో పెట్టడం వంటి దారులు చట్టంలో ఉన్నాయి. వాటిని వాడుకున్నవారు ఎక్కువగా ఆస్తి, వకీలు రెండూ ఉన్న కుటుంబాల వారే.

భూమి సంగతి వేరే చిక్కు. కొరాపుట్, రాయగడ, మల్కనగిరి, నవరంగపూర్ జిల్లాలు పూర్తిగా, గజపతి జిల్లాలో కొంత భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలు. 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం ఆదివాసీల భూమి ఆదివాసేతరుల పేరు మీదికి మారడానికి వీల్లేదు. ఆదివాసుల రక్షణకు అది అవసరమైన చట్టం, సడలించమనడం అన్యాయం. అయితే రాయగడలోనో గుణుపురంలోనో నలుగురు తెలుగు తల్లిదండ్రులు కలిసి పిల్లల కోసం కాస్త స్థలం కొందామనుకుంటే దొరికే స్థలం తక్కువ, ధర ఎక్కువ అవుతుంది. పట్టణ మురికివాడల్లో 2017 నాటి ఒడిశా భూహక్కుల చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. ఆ చట్టం కింద ఇచ్చే పట్టా వారసులకు వస్తుంది గాని అమ్మడానికి కుదరదు. సాధారణంగా ఇబ్బందిగా తోచే ఈ షరతు, పైన చెప్పిన రెండోవాడి వంటివారికి మాత్రం రక్షణే.

ఇక ఇంటి నిర్మాణం. అందుబాటు అనగానే ర్యాంపు గుర్తొస్తుంది. సెరిబ్రల్ పాల్సీతో చక్రాల కుర్చీ వాడేవారికి అది కావాలి. కుర్చీ తిరగడానికి మరుగుదొడ్డిలో మీటరున్నర వెడల్పు కావాలి, 12,000 రూపాయలతో కట్టిన గదిలో అది ఉండదు. ఆటిజం ఉన్న మనిషికి ర్యాంపు అక్కర్లేదు. రేకుల కప్పు మీద వానచప్పుడు భరించలేకపోవడం అతని సమస్య కావచ్చు. అపార్ట్‌మెంట్లలో వికలాంగులకు కింది అంతస్తు ఇవ్వాలన్న నియమం కుర్చీలో ఉన్నవారికి వరం. తలుపు తీసి ఉంటే రోడ్డెక్కేసే పిల్లవాడి తల్లికి పై అంతస్తే నయం. నియమం ఒక రకం శరీరాన్ని మాత్రమే ఊహించుకుంది.

శాతం చూసి ఇచ్చే పింఛను

మేధో వైకల్యాన్ని ధ్రువీకరించేటప్పుడు సామాజిక నైపుణ్యాల పరీక్షను బట్టి స్వల్ప స్థాయిని 50 శాతంగా, మధ్యస్థ స్థాయిని 75 శాతంగా, తీవ్ర స్థాయిని 90 శాతంగా, అతితీవ్ర స్థాయిని 100 శాతంగా లెక్కిస్తారు. మధ్యలో అంకెలు లేవు. మధ్యస్థ స్థాయి ఉన్న మనిషి చాలాసార్లు సొంతంగా వంట చేసుకోలేడు, డబ్బు లెక్క తెలియదు, ఒంటరిగా ఆస్పత్రికి వెళ్లలేడు. అయినా 75 దగ్గరే ఆగిపోతాడు గనుక 80 శాతం గీతకు ఎప్పటికీ చేరడు. 3,500 రూపాయల పెంపు అతనికి వర్తించదు. అతనికి అందేది దానిలో సగం కూడా ఉండదు. 80 అన్న గీత చేయి, కాలు, చూపు వంటి వాటికి సరిపోతుందేమో గాని, మెట్లు మెట్లుగా లెక్కించే మేధో వైకల్యం విషయంలో మధ్యస్థ స్థాయి వారందరినీ ఒక్క దెబ్బతో బయట పెట్టేస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికి పరిమితమైనవారికి 15,000. కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు దేశమంతటా చెల్లుతుంది, పింఛను మాత్రం నివాసమున్న రాష్ట్రానిది. ఇచ్ఛాపురానికి, బరంపురానికి మధ్య రైలులో గంట కూడా పట్టని దూరంలో ఒకే రకం మనిషికి నెలకు వచ్చే డబ్బు అయిదారు రెట్లు మారిపోవచ్చు. ఆధార్ చిరునామా అవతలికి మార్చుకున్నవారి గురించి గుసగుసలు వినిపించేది అందుకే.

ముగ్గురు, ఒక ఇల్లు: లెక్క వేసి చూస్తే

కింది అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవి. పర్లాకిమిడిలో ముగ్గురు యువకుల తల్లిదండ్రులు కలిసి వారిని ఒక అద్దె ఇంట్లో ఉంచాలనుకున్నారు. ఒకరికి 90 శాతం వైకల్యం, ఇద్దరికి 75. ఇంటి అద్దె నెలకు 6,000. పగలు ఉండి వంట, స్నానం, మందులు చూసే సహాయకురాలికి 9,000. రాత్రి తోడు పడుకునే మనిషికి 8,000. తిండి తలకు 3,000 చొప్పున 9,000. కరెంటు, గ్యాసు, మందులు, ఆటో ఖర్చులకు 4,000. మొత్తం 36,000 రూపాయలు.

ఇందులో ఇల్లు ఆరో వంతు. తోడు 17,000, అంటే దాదాపు సగం. ఎవరైనా దాత ఇంటిని ఉచితంగా ఇచ్చినా నెలకు 30,000 మిగులుతుంది. ఆదాయం వైపు చూస్తే 90 శాతం వ్యక్తి పింఛను 3,500. మిగతా ఇద్దరికి కలిపి 2,500 అనుకుంటే మొత్తం 6,000. ఇద్దరు ఏదో ఒక కార్ఖానాలోనో, దుకాణంలోనో సరకు కట్టే పనిచేసి తలా 3,000 తెచ్చుకున్నారనుకుందాం. ఇల్లు ఉచితం, ఇద్దరికి పని, ముగ్గురికీ పింఛను అన్నీ కుదిరిన తర్వాత కూడా లోటు 18,000. ఒక్కో కుటుంబం మీద నెలకు 6,000.

తల్లిదండ్రులు ఉన్నన్నాళ్లు ఈ 6,000 ఎలాగో సర్దుతారు. వారి తర్వాత ఇది రావాలంటే ఏడాదికి 72,000 వడ్డీ ఇచ్చే నిధి ఉండాలి. 6 శాతం వడ్డీకి అది 12 లక్షలు. ధరల పెరుగుదల ఈ లెక్కలో లేదు. నేత పనివారు, గోపాలపురం వైపు చేపల వేటకు వెళ్లే వాడబలిజలు, హోటల్ పనివారు ఆ నిధిని కూడబెట్టడం జరిగే పని కాదు. 1.20 లక్షల ఇంటి సాయం చిన్నదని విమర్శించేవారు ఉన్నారు, అది చిన్నదే. కాని దాన్ని రెట్టింపు చేసినా ఈ లోటు ఒక్క రూపాయి కూడా తగ్గదు.

ఈ ముగ్గురూ ఆవాస్ యోజన ఇంట్లో ఉండలేరా అన్న ప్రశ్న సహజం. 25 చదరపు మీటర్లంటే సుమారు 270 చదరపు అడుగులు. ముగ్గురు పెద్దలకు, రాత్రి తోడుకు అది చాలదు. ముగ్గురి హక్కులు కలిపి ఒకే చోట కాస్త పెద్ద ఇల్లు కట్టుకుందామంటే, రక్తసంబంధం లేని ముగ్గురిని పథకం ఒక కుటుంబంగా గుర్తించదు.

హోమ్‌లో చేర్చడమా, ఊళ్లో ఉంచడమా

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసమే ప్రత్యేకంగా వచ్చింది. తల్లిదండ్రులు చనిపోయిన తర్వాత సంరక్షణ దాని ఉద్దేశాల్లో ఒకటి. పెద్దలకు శాశ్వత నివాసం ఇచ్చే ఘరౌండా, కొద్దికాలం ఉంచుకునే సమర్థ్ దాని పథకాలుగానే మొదలయ్యాయి. స్థానికంగా ఒక రిజిస్టరైన సంస్థ ముందుకు వచ్చి నడిపితేనే అవి అక్కడ ఉంటాయి. అలాంటి సంస్థలు పెద్ద నగరాల్లో పుట్టినంత సులువుగా గజపతి జిల్లా కాశీనగరంలోనో, మల్కనగిరి జిల్లా కలిమెలలోనో పుట్టవు.

తల్లిదండ్రుల్లో చాలామంది కోరుకునేది హోమే. ప్రహరీ ఉంటుంది, గేటు దగ్గర మనిషి ఉంటాడు, ఒక సహాయకురాలు రాకపోతే మరొకరు ఉంటారు. ముఖ్యంగా కూతురున్న తల్లికి ఊరి నడుమ అద్దె ఇల్లు అంటే భయం. ఆ భయం ఉత్తదని ఎవరూ అనలేరు. ఖర్చు కూడా, నలభై మందికి ఒకే వంటశాల, ఒకే నర్సు కాబట్టి, తలకు తక్కువ పడుతుంది.

వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవారి వాదన వేరు. గేటు బయటివారిని ఆపినట్టే లోపలివారినీ ఆపుతుంది. ఎప్పుడు తినాలి, ఎవరి పక్క మంచంలో పడుకోవాలి, ఎప్పుడు దీపం ఆర్పాలి అన్నవి మరొకరు నిర్ణయించే చోట దెబ్బ తగిలినా చెప్పుకునే దారి ఉండదు. అమెరికాలో న్యూయార్క్ నగరంలోని విలోబ్రూక్ అనే పెద్ద ఆశ్రమ పాఠశాల పరిస్థితులు 1972లో టెలివిజన్‌లో బయటపడడం, 1987లో అది మూతపడడం ఈ వాదనకు బలమిచ్చిన ఘట్టాలు. 1999లో అక్కడి సుప్రీంకోర్టు ఓల్మ్‌స్టెడ్ తీర్పులో, సమాజంలో ఉండగలిగినవారిని అనవసరంగా సంస్థల్లో ఉంచడం వివక్షేనని చెప్పింది. అయినా ఇంటి వద్ద సేవలకు అక్కడ చాలా రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి వరుసలో నిలబడవలసి వస్తోంది. తీర్పు వచ్చినంత మాత్రాన తోడు మనిషి జీతం రాలేదు.

స్వీడన్ ఆ రెండో భాగాన్ని, అంటే తోడును, ముందు కుదుర్చుకుంది. 1994లో అమల్లోకి వచ్చిన చట్టం వ్యక్తిగత సహాయకులను, చిన్న సమూహ గృహాలను హక్కుగా ఇచ్చింది. ఆ తర్వాతే, 1999 చివరికల్లా పెద్ద సంస్థలన్నిటినీ మూసేయాలని మరో చట్టం చేశారు. అంత పన్నులు వసూలు చేసే దేశంతో గంజాం జిల్లాను పోల్చడం సబబు కాదు. అయితే ముందు తోడు, తర్వాత తరలింపు అన్న ఆ వరుసక్రమం పేద దేశానికీ వర్తించేదే.

సమూహ గృహం చిన్నదైనంత మాత్రాన సరిపోతుందా? 2017లో ఐరాస వికలాంగుల హక్కుల కమిటీ ఒడంబడికను వివరించే తన అయిదో సాధారణ వ్యాఖ్యలో ఈ ప్రశ్ననే తీసుకుంది. వందమందికి పైగా ఉండే సంస్థ అయినా, అయిదు నుంచి ఎనిమిది మంది ఉండే ఇల్లయినా, చివరికి ఒక్కరే ఉండే ఇల్లయినా, లోపలి మనిషికి తన రోజు మీద పట్టు లేకపోతే అది స్వతంత్ర జీవనం కాదని చెప్పింది. ఇది హోమ్‌లను తిట్టే మాట మాత్రమే కాదు. సొంత ఇంట్లో, వెనక గదిలో గొళ్లెం పెట్టి ఉంచిన మనిషికీ ఇది వర్తిస్తుంది. కుటుంబమే మంచిదని తేలికగా అనేవారు ఆ గది సంగతి కూడా చెప్పాలి.

సంతకం ఎవరిది

కోటా ఇల్లు వికలాంగుల పేరు మీదే ఇవ్వాలంటే బ్యాంకు ఖాతా, ఒప్పందం, సంతకం కావాలి. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టరు, ఒక రిజిస్టరైన సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగ వ్యక్తి ఉండే స్థానిక స్థాయి కమిటీ, 18 ఏళ్లు దాటినవారికి సంరక్షకుణ్ణి నియమించగలదు. ఆ ధ్రువపత్రాన్ని బ్యాంకులు అంగీకరించాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. సంరక్షకుడు ఆరు నెలల్లో ఆస్తి జాబితాను, ఏటా జమాఖర్చులను కమిటీకి ఇవ్వాలి. ఆస్తి దుర్వినియోగం చేస్తే తొలగించే వీలుంది.

దీనికి పక్కన 2016 చట్టం 14వ సెక్షన్ పరిమిత సంరక్షకత్వం అనే మరో పద్ధతి పెట్టింది: ఒక నిర్దిష్టమైన పనికి, నిర్దిష్టమైన కాలానికి, ఆ మనిషి ఇష్టాన్ని తెలుసుకుంటూ ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకోవడం. మొదటి చట్టం రక్షణ వైపు, రెండోది స్వేచ్ఛ వైపు మొగ్గుతాయి. రెండూ అమల్లోనే ఉన్నాయి. ఇంటి విషయంలో తేడా ఇలా ఉంటుంది. పూర్తి సంరక్షకుడైన బాబాయి ఆ ఇంటిని అద్దెకిచ్చి మనిషిని హోమ్‌లో చేర్చాలని నిర్ణయించుకోవచ్చు. కమిటీ జమాఖర్చులు చూస్తుంది గాని, ఆ మనిషి హోమ్‌కు వెళ్లడానికి ఇష్టపడ్డాడా అని అడగకపోవచ్చు. పరిమిత పద్ధతిలో ఆ ప్రశ్న అడగక తప్పదు. మాట రాని మనిషిని ఎలా అడగాలన్నది తేలికైన విషయం కాదు. కాని కొత్తచోట మూడు రోజులు ఉంచి, తింటున్నాడా, నిద్రపోతున్నాడా అని గమనించడం కూడా అడగడమే.

తుపాను, యాత్ర, భాష

2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లా కొండల్ని విరగగొట్టింది. ఇక్కడ పక్కా ఇల్లు అంటే తుపాను ఆశ్రయ భవనానికి వెళ్లనక్కర్లేని ఇల్లు అని కూడా అర్థం. వందలమంది, చీకటి, ఏడుపులు ఉన్న హాల్లో ఆటిజం ఉన్న యువకుడు రెండు రాత్రులు గడపడం ఎంత కష్టమో తెలిసిన తల్లి, రేకులు ఎగిరిపోయేదాకా ఇల్లు వదలదు. ఇళ్ల కేటాయింపులో ఈ కుటుంబాలకు ప్రాధాన్యం ఇవ్వాలనడానికి తీరప్రాంతంలో ఇది ఒక ప్రత్యేకమైన, బలమైన కారణం.

రెండేళ్లకోసారి బరంపురంలో దాదాపు నెల రోజులు బుఢీ ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతర జరుగుతుంది. ఆ వాయిద్యాలు ఒకరికి చెవులు పగిలేంత బాధ. వేషం కట్టుకుని వీధిలో తిరిగే మరొకరికి అంతటి సంతోషం మళ్లీ రెండేళ్ల దాకా ఉండదు. ఊరి నడుమ ఇల్లు కావాలనేవారు రెండో మనిషిని, ఊరి బయట నిశ్శబ్దమైన చోటు కావాలనేవారు మొదటి మనిషిని తలచుకుంటూ మాట్లాడుతుంటారు.

చివరగా భాష. తెలుగు ఇంట పుట్టి, అయిదారు పదుల మాటలతో బతుకుతున్న మనిషికి ఆ మాటలన్నీ తెలుగులోనే ఉంటాయి. భువనేశ్వర్ హోమ్‌లో చేర్చితే “అన్నం”, “నొప్పి”, “భయం” అన్నవి చుట్టూ ఉన్నవారికి అర్థం కావు. మాట వినడంలేదని, మొండివాడని సిబ్బంది రాసుకుంటారు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు చేర్చితే భాష సరిపోతుంది, నివాసం మారుతుంది. ఒడిశా పింఛను ఆగి, ఆంధ్ర పింఛనుకు కొత్తగా అర్హత చూపుకోవాలి. ఇంటి పట్టా గజపతి జిల్లాలో, మనిషి పక్క రాష్ట్రంలో ఉంటే ఏ కలెక్టరు కమిటీ ఆ సంరక్షకుణ్ణి నిజంగా కనిపెట్టి చూడగలదు? ఒడియా నేర్చిన తెలుగువారిని, తెలుగు నేర్చిన ఒడియావారిని సహాయకులుగా ఈ పట్టణాల్లోనే తయారుచేసుకోవడం సాధ్యమే, ఎందుకంటే అలాంటివారు ప్రతి వీధిలో ఉన్నారు. ఇప్పటికైతే వారికి జీతమిచ్చే పద్దు రెండు రాష్ట్రాల పథకాల్లోనూ కనిపించడం లేదు.